మా మంచితనానికి సర్టిఫికెట్టు

మాది కాశిబుగ్గ. శ్రీకాకుళం వైపున్న కాశీబుగ్గ కాదు, వరంగల్ కాశిబుగ్గ. కాశి అందరికీ తెలిసిందే, బుగ్గ అంటే నీటి ఊట. పుట్టినప్పటి నుంచి ఆ పేరు మా చిరునామాలో వుంది. రేషన్ కార్డు మీద వుంది, పదో తరగతి మెమో మీద వుంది, మా పిల్లల షాదీ కార్డుల మీద కూడా వుంది. ఎనుమాముల మార్కెట్టుకు మిర్చి దిగే రోజుల్లో మా వాడ గాలే గొంతులో గుచ్చుకుంటుంది. ఆ దగ్గుకు మతం లేదు.

చెక్‌పోస్టు దగ్గర మాత్రం మతం వుంది. ఓ రాత్రి హైదరాబాదు నుంచి వస్తుంటే దారిలో మా కారు ఆపారు. ఎక్కడికని అడిగారు. వరంగల్ అన్నాం. వరంగల్లో ఎక్కడ అన్నారు. కాశిబుగ్గ అన్నాం. అంతవరకూ అంతా బాగానే వుంది. టార్చిలైటు కిందికి దిగింది కూడా. అప్పుడు పేరడిగారు. పేరు చెప్పగానే టార్చిలైటు తిరిగి మొహం మీదికొచ్చింది. డిక్కీ తెరిపించారు. సంచిలో వున్న ఉర్దూ పత్రికల్ని ఒక్కొక్కటీ విప్పి చూశారు. చదవడం రాదు కనుక ఎక్కువసేపు చూశారు. అరగంట తర్వాత పొమ్మన్నారు.

అది ఏ వూరో, ఏ ఠాణా పరిధో చెప్పం. ఆ కానిస్టేబుల్ మీద మాకు కోపం కూడా లేదు. రాత్రి డ్యూటీ, చలి, పైనుంచి వచ్చిన ఆర్డరు. మేం చెప్పదలచుకున్నది వేరే. ఆ అరగంట జరిగినట్టు ఈ దేశంలో ఎక్కడా ఒక్క అక్షరం ముక్క లేదు. కేసు లేదు కాబట్టి డైరీలో ఎక్కలేదు. కొట్టలేదు కాబట్టి గాయం లేదు. అనుమానం వచ్చింది, పోయింది. వచ్చినట్టు గానీ పోయినట్టు గానీ ఎవరూ రాసుకోలేదు. మా దగ్గర మాత్రం అది మిగిలిపోయింది.

చేసిన పనిని బట్టి కాకుండా పేరుని బట్టి, గడ్డాన్ని బట్టి, బస్తీని బట్టి మనిషిని అనుమానించడాన్ని ఇప్పుడు ప్రొఫైలింగ్ అంటున్నారు. మాట కొత్తది, సంగతి పాతది. దీన్ని ఆపడానికి ప్రభుత్వాలు కమీషన్లు వేస్తాయి, సలహా మండళ్ళు వేస్తాయి. వాటి పనేమిటి? మేం మంచివాళ్ళమని తేల్చడమా, పోలీసుల అనుమానానికి లెక్క అడగడమా? పైకి చూస్తే రెండూ ఒకటే అనిపిస్తాయి. మేమూ చాలాకాలం ఒకటే అనుకున్నాం.

మా అనుకోలు ఒక ముసలమ్మ దగ్గర తప్పింది.

మా వీధిలో ఒక ఖాలా వుంది. ఆమె మనవడికి ఒక కంపెనీలో పార్శిళ్ళు పంచే ఉద్యోగం దొరికింది. పోలీసు వెరిఫికేషన్ కాగితం తెమ్మన్నారు. కుర్రవాడు ఠాణా చుట్టూ తిరిగాడు, తెచ్చుకున్నాడు, లామినేషన్ కూడా చేయించాడు. ఖాలాకు చదువు రాదు. పత్రికల్లో పనిచేసేవాళ్ళం కదా అని ఆ కాగితం మా చేతిలో పెట్టి, ఏం రాశారో చెప్పమంది. ఆమెది దక్కనీ. ఆమె మాటల్ని ఇక్కడ తెలుగులో రాస్తున్నాం.

"ఇతని మీద చెడు ఏమీ కనబడలేదని రాసిండ్రు ఖాలా" అన్నాం.

"అంటే ఎతికిండ్రా?"

"ఎతుకుతరు. అందరికీ ఎతుకుతరు."

"ఎతికితే దొరకలేదన్నరు. మరి మంచోడని యాడ రాసిండ్రు బేటా?"

"అట్ల రాయరు ఖాలా."

"అయితే ఇది మావోడి కాయితం కాదు. ఆళ్ళ కాయితం" అని మడవరాని ఆ అట్టముక్కను ఖురాన్ పెట్టే అల్మారీలో, రేషన్ కార్డు పక్కన పెట్టింది.

వెరిఫికేషన్ అన్ని మతాలవాళ్ళకూ వుంటుంది, కాదనం. కానీ ఖాలా మాట మమ్మల్ని వెనక్కి, 2007 దాకా తీసుకుపోయింది.

2007 మే 18, శుక్రవారం. హైదరాబాదు మక్కా మస్జిదులో జుమా నమాజు వేళ బాంబు పేలింది. పేలుడులో 9 మంది, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో 5గురు చనిపోయారు. చచ్చిపోయినవాళ్ళు నమాజుకు వచ్చినవాళ్ళు. అనుమానితులు కూడా నమాజుకు వచ్చేవాళ్ళే అయ్యారు. అదే ఏడాది ఆగస్టు 25న గోకుల్ చాట్‌లో, లుంబినీ పార్కులో పేలుళ్ళు జరిగాయి. 40 మందికి పైగా చనిపోయారు. ఆ నెలల్లో పాతబస్తీ నుంచి పదుల సంఖ్యలో ముస్లిం యువకుల్ని పట్టుకెళ్ళారు. కరెంటు షాకులు పెట్టారని, వేలాడదీసి కొట్టారని వాళ్ళు చెప్పారు. కుట్ర కేసులు పెట్టారు. కోర్టుల్లో ఆ కేసులు నిలవలేదు.

ఇక్కడ మైనారిటీ కమీషన్ ఒక మంచి పని చేసింది. దాన్ని మరువరాదు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర మైనారిటీ కమీషన్ న్యాయవాది ఎల్. రవిచందర్‌ను విచారణకు నియమించింది. ఆయన జైలుకు పోయి ఆ కుర్రవాళ్ళను చూశారు, వాళ్ళ వొంటి మీది గుర్తుల్ని చూశారు, చిత్రహింసల ఆరోపణలకు బలమిచ్చే నివేదిక రాశారు. ఒక ప్రభుత్వ సంస్థ మనిషి మరో ప్రభుత్వ సంస్థ గోడల లోపలికి వెళ్ళి చూసి, చూసింది రాయడం చిన్న విషయం కాదు. తర్వాత జాతీయ మైనారిటీ కమీషన్ నష్టపరిహారం ఇవ్వాలని సిఫారసు చేసింది. 2011-12లో రాష్ట్ర ప్రభుత్వం 70 మందికి పరిహారం ఇచ్చింది. కోర్టుల్లో నిర్దోషులుగా తేలిన 20 మందికి తలా 3 లక్షలు. పట్టుకెళ్ళి వదిలేసిన 50 మందికి తలా 20 వేలు. వీటితోపాటు మంచి నడవడిక వుందని సర్టిఫికెట్లు కూడా ఇచ్చింది.

ఆ రోజు మేం సంతోషించాం. స్వీట్లు కూడా తిన్నాం. ఒక ప్రభుత్వం ముస్లిం కుర్రవాళ్ళ ముందు తప్పు ఒప్పుకున్నట్టనిపించింది. 2013 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ పరిహారం ఉత్తర్వును కొట్టేసింది. నిర్దోషిగా విడుదల కావడమే పరిహారానికి ఆధారం కాదంది. ఇచ్చిన డబ్బు తిరిగి వసూలు చేయమంది. తీర్పు మీద మాకు బాధ కలిగింది, నిజమే. కానీ ఆలోచిస్తే ఆ తీర్పు వేసిన ప్రశ్న ఒకటి మిగిలింది. డబ్బు దేనికి ఇచ్చారు? నిర్దోషులైనందుకా, తప్పుగా పట్టుకున్నందుకా? నిర్దోషులైనందుకే అయితే అది బహుమతి. తప్పుగా పట్టుకున్నందుకైతే ఆ తప్పు ఎవరిదో, ఏ అనుమానంతో జరిగిందో కాగితం మీద రాసి వుండాలి. సర్టిఫికెట్టు పట్టుబడ్డవాడి నడవడిక గురించి మాట్లాడుతుంది. పట్టుకున్నవాడి నడవడిక గురించి మాట్లాడదు. ఖాలా అన్నట్టు అది ఆళ్ళ కాయితం.

మక్కా మస్జిదు కేసు తర్వాత ఎటు తిరిగిందో అందరికీ తెలుసు. దర్యాప్తు చేతులు మారింది. హిందూత్వ సంస్థలతో సంబంధం వుందన్న వాళ్ళ మీద కేసు నడిచింది. 2018 ఏప్రిల్ 16న ప్రత్యేక కోర్టు 5గురు నిందితుల్నీ నిర్దోషులుగా విడుదల చేసింది. మొదట మా పేర్లను బట్టి వెతికారు. అలా వెతికిన నెలల్లో ఎన్ని ఆధారాలు చల్లారిపోయాయో ఎవరు చెప్పగలరు? అనుమానం తప్పు చోట నిలబడితే దెబ్బతినేది అనుమానితుడొక్కడే కాదు, చచ్చిపోయినవాడి ఇంటివాళ్ళు కూడా. నమాజుకు పోయి తిరిగిరాని వాళ్ళ తల్లులకు ఈనాటికీ హంతకుడి పేరు తెలియదు.

ఇక్కడ లౌకికవాద మిత్రుడొకడు మమ్మల్ని ఆపుతాడు. ఆపాలి కూడా. "బాంబులు పెట్టినవాళ్ళలో ముస్లింలు లేరా? పోలీసు అనుమానించకుండా నేరం ఎట్లా పట్టుకుంటాడు?" అంటాడు. వున్నారు. గోకుల్ చాట్, లుంబినీ పార్కు కేసులో 2018 సెప్టెంబరులో శిక్షలు పడ్డాయి. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ళలో 18 మంది చనిపోయారు, ఆ కేసులో 2016 డిసెంబరులో 5గురికి మరణశిక్ష వేశారు. 2025లో తెలంగాణ హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. మరణశిక్ష మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. ఆ దుర్మార్గాన్ని మా పేరున చేసినవాళ్ళ కోసం మేం వకాల్తా పుచ్చుకోం. అయితే ఆ కేసుల్ని కోర్టు ముందు నిలబెట్టింది సాక్ష్యం. ఏ బస్తీలోనో గడ్డం పెంచినవాణ్ణల్లా తెచ్చి కూర్చోబెట్టడం కాదు. పోలీసు అనుమానించాలి. ఫలానా పని, ఫలానా చోటు, ఫలానా మనిషి అని అనుమానించాలి. అప్పుడు ఆ అనుమానానికి కారణం చెప్పగలడు, రాయగలడు, తప్పయితే దిద్దుకోగలడు. పేరు మీద పుట్టిన అనుమానానికి దిద్దుబాటు లేదు. పేరు మారదు కదా.

మరో మిత్రుడు ఇంకా మెత్తగా మాట్లాడతాడు. "మీరు అమాయకులు, మాకు తెలుసు. మంచి ముస్లింలను వేధించకూడదు" అంటాడు. ఈ మాట మాకు మరీ కష్టం. 2015 ఏప్రిల్ 7న మా వరంగల్ సెంట్రల్ జైలు నుంచి 5గురు విచారణ ఖైదీల్ని హైదరాబాదు కోర్టుకు వ్యానులో తీసుకుపోతూ ఆలేరు దగ్గర కాల్చి చంపారు. పోలీసుల దగ్గర తుపాకులు లాక్కోబోయారన్నారు. ఫోటోల్లో శవాల చేతులకు బేడీలున్నాయి. వాళ్ళ మీద వున్న కేసులు చిన్నవి కావు. పోలీసుల్ని చంపారన్న ఆరోపణ కూడా వుంది. వాళ్ళకు మంచి నడవడిక సర్టిఫికెట్టు ఎవరూ ఇవ్వరు, మేమూ ఇవ్వలేం. మరి వాళ్ళ కోసం ఏ కమీషన్ మాట్లాడాలి? మంచివాళ్ళకే హక్కులని మేం ఒప్పుకున్న నాడు, మంచివాళ్ళమని రుజువు చేసుకునే పని మా నెత్తి మీద శాశ్వతంగా పడుతుంది. దోషి అయితే శిక్ష వేయడానికి కోర్టు వుంది. ఆ కోర్టు దాకా పోనివ్వడమే హక్కు. ఆ జైలు గోడల్ని 2021లో కూలగొట్టారు. ఆ దారిన పోయినప్పుడల్లా మాకు వ్యానే కనబడుతుంది.

అదే రోజు, అదే ఏప్రిల్ 7న, శేషాచలం అడవుల్లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు 20 మందిని కాల్చి చంపారు. ఎర్రచందనం దొంగలన్నారు. చనిపోయినవాళ్ళు తమిళనాడు నుంచి వచ్చిన కూలీలు. వాళ్ళలో ముస్లిం అన్న పేరుతో చచ్చినవాడు ఎవడూ లేడు. పేదవాడు, పరాయి భాషవాడు, కూలికి గొడ్డలి పట్టినవాడు. ఒకే రోజు రెండు తెలుగు రాష్ట్రాల్లో 25 మంది. ఇది ముస్లింల గొడవ మాత్రమే అనుకునే మిత్రులు ఆ రోజును గుర్తు చేసుకోవాలి.

ముద్ర వేయడం ఈ నేలకు కొత్త కాదు. తెల్లవాడు 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చాడు. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఎరుకలవాడు కడుపులో వుండగానే దొంగ అయ్యాడు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో వాళ్ళను తెచ్చిపెట్టి హాజరు వేసేవారు. 1952లో చట్టం పోయింది, పేరు పోలేదు. స్టూవర్టుపురం అంటే సినిమాల్లో కూడా దొంగల వూరే. ఇటు నైజాం ఇలాఖాలో 1948 సెప్టెంబరు పోలీస్ యాక్షన్ తర్వాత మాకు ఒక ముద్ర దొరికింది, రజాకార్ అని. మా దాదా ఆజంజాహి మిల్లులో కూలీ. రజాకార్ల లారీ వస్తే ఆయన కూడా దాక్కున్నవాడే. అయినా చనిపోయే దాకా ఆయన్ని చూసి నవ్వుతూనో కోపంగానో ఆ మాట అన్నవాళ్ళున్నారు.

మా మొదటి కమీషన్ అనుభవం కూడా అప్పటిదే. ఆ ఏడాది చివర నెహ్రూ ప్రభుత్వం పంపగా పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ మొదలైనవాళ్ళు హైదరాబాదు రాష్ట్రంలో తిరిగారు. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా కట్టారు. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. చూడడానికి మనుషుల్ని పంపుతారు, చూసింది అల్మారీలో పెడతారు. జాతీయ మైనారిటీ కమీషన్‌కు 1992లో చట్టం చేశారు, రాష్ట్రంలో 1998లో చేశారు. పిలిచి అడిగే అధికారం వుంది, సిఫారసు చేసే అధికారం వుంది. సిఫారసును అమలు చేయించే అధికారం లేదు. ఇక ఛైర్మన్ కుర్చీ చాలాసార్లు ఎన్నికల్లో టికెట్టు దొరకని నాయకుడికి ఓదార్పు. 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి జిల్లాకొకటి, రాష్ట్రానికొకటి అథారిటీలు పెట్టమంది, వాటి సిఫారసులు కట్టుబడి తీరవలసినవి అంది. తీర్పు వచ్చి రెండు దశాబ్దాలు కావొస్తోంది. మా వాడలో ఎవర్నయినా ఆ అథారిటీ ఎక్కడుందో అడగండి. ఎనుమాముల మార్కెట్టుకు దారి చెబుతారు గానీ దానికి చెప్పలేరు.

అయితే ఎక్కడన్నా దారి దొరికిందా? అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2015లో ఒక చట్టం చేసింది. పోలీసులు జాతిని బట్టి, మతాన్ని బట్టి, ఇతర గుర్తింపుల్ని బట్టి మనుషుల్ని ఆపడాన్ని పరిశీలించడానికి ఒక సలహా మండలి ఏర్పాటు చేసింది. అందులో పోలీసు పెద్దలున్నారు, నిందితుల తరఫు ప్రభుత్వ వకీలు వున్నారు, మత పెద్దలున్నారు, ప్రొఫెసరు వున్నారు, పౌరహక్కుల వాళ్ళున్నారు. 16 నుంచి 24 ఏళ్ళ వయసున్న ఒకరు తప్పనిసరిగా వుండాలని కూడా చట్టంలో రాశారు. వీధుల్లో ఆపేది ఆ వయసు వాళ్ళనే కదా.

మాకు అంతకంటే నచ్చింది ఇంకొకటి. అక్కడ పోలీసు ఎవర్నయినా ఆపితే రాయాలి. ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు ఆపాడు, సోదా చేశాడా, ఏం దొరికింది, చివరికి ఏం చేశాడు, అన్నీ రాయాలి. ఆపిన మనిషి ఏ జాతివాడో కూడా రాయాలి. కానీ 'నువ్వెవరివి' అని ఆ మనిషిని అడగరాదు. తన కంటికి అతను ఎవరిలా కనిపించాడో అదే రాయాలి. ఆపబడినవాడి పేరు, చిరునామా పైకి పంపరాదు. ఇందులో వున్న ఇంగితం చూడండి. ఆ చట్టానికి మా వంశవృక్షంతో పని లేదు. పోలీసు కంటిలో ఏ బొమ్మ వుందో దానితో పని. వివక్ష మొదలయ్యేది అక్కడే. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రంలో మన తెలుగు ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను ఒక తెల్లవాడు ఇరాన్ దేశస్థుడనుకుని కాల్చి చంపాడు. వాడు పోలీసు కాదు. అయినా వాడు చూసింది కూడా ఎదుటి మనిషిని కాదు, తన కంటిలో వున్న బొమ్మనే. శ్రీనివాస్ జేబులో ఎన్ని సర్టిఫికెట్లు వుంటే మాత్రం ఆ తూటా ఆగేది?

కాలిఫోర్నియా స్వర్గం కాదు. ఆ మండలిది సలహా మాత్రమే. దాని లెక్కలు తప్పని పోలీసు సంఘాలు వాదిస్తూనే వున్నాయి. 2022లో అక్కడ సుమారు 45 లక్షల సార్లు మనుషుల్ని ఆపారు. ఆపినవాళ్ళలో నల్లవాళ్ళు 12 శాతం పైనే. జనాభాలో వాళ్ళు సుమారు 5 శాతం. ఏళ్ళ తరబడి లెక్క రాస్తున్నా వ్యత్యాసం పోలేదు. మరి లాభమేమిటంటారా? మాకు జరిగిన అరగంట అక్కడ అంకెలో వుంటుంది. ఇక్కడ మేం చెబితే ఫిర్యాదు, అతి, మైనారిటీ ఏడుపు. అక్కడ పోలీసు చేత్తో రాసిందే సాక్ష్యం. వాదన లెక్క మీద జరుగుతుంది, మా మంచితనం మీద జరగదు.

మా దగ్గర వ్యవహారం తలకిందులుగా వుంది. పాతబస్తీలో చబుత్రాల మీద రాత్రిపూట కూర్చున్న కుర్రవాళ్ళను 2015 నుంచి 'చబుత్రా' పేరుతో ఎత్తుకుపోయి, అమ్మానాన్నల్ని పిలిపించి, కౌన్సెలింగ్ చేసి పంపారు. అరుగు మీద కూర్చోవడం ఏ సెక్షన్ కింద నేరమో చెప్పలేదు. రోడ్డు మీద ఆపి మొహాల ఫోటోలు తీస్తున్నారని, కంప్యూటరుతో మొహాలు పోల్చి చూస్తున్నారని 2022లో తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యం నడిచింది. మా మొహం రికార్డయింది. ఆ మొహాన్ని ఎందుకు తీశారో ఆ కారణం రికార్డు కాలేదు.

ఇంతవరకూ వేలు బయటికి చూపించాం. ఇప్పుడు మావైపు తిప్పుకోవాలి.

మేం పత్రికల వాళ్ళం. పగలు తెలుగు డెస్కు, రాత్రి ఉర్దూ డెస్కు చేసిన రోజులున్నాయి. ఒకే పోలీసు ప్రెస్‌నోటు. తెలుగులో 'ఉగ్రవాద అనుమానితుడి అరెస్టు' అని రాశాం. అదే రాత్రి ఉర్దూలో 'బేకసూర్ నౌజవాన్ గిరఫ్తార్' అని రాశాం. తెలుగు పాఠకుడికి అప్పటికే దోషి, ఉర్దూ పాఠకుడికి అప్పటికే నిర్దోషి. మాకు ఏ ఆధారమూ తెలియదు. ఒకే చేత్తో రెండు తీర్పులిచ్చాం. ఒక భాష వాళ్ళు ఇంకో భాష చదవరు కాబట్టి పట్టుబడలేదు. అరెస్టు మొదటి పేజీలో వేసిన మేం, ఏడాదిన్నర తర్వాత విడుదలను లోపలి పేజీలో నాలుగు లైన్లకు కుదించాం. ఏ కమీషనూ మమ్మల్ని అడగలేదు. అడగాల్సింది.

ఇంకొకటి. ఒకసారి మా బస్తీలో గ్యాసు సిలిండరు పోయింది. పందులు కాసుకునే ఎరుకల కుర్రవాడొకడు పొద్దున మా గల్లీలో తిరిగాడని ఎవరో అన్నారు. అంతే చాలింది. పట్టుకొచ్చారు, రెండు పీకారు. మేం కొట్టలేదు, ఆపనూ లేదు. నాలుగు రోజులకు తెలిసింది, ఆ ఇంటి అల్లుడే సిలిండరు అమ్ముకున్నాడు. ఆ కుర్రవాడి గుడిసెకు పోయి మాఫీ అడిగినవాడు మాలో ఒక్కడూ లేడు. ఖురాన్‌లో అల్ హుజురాత్ సూరా అనుమానాల నుంచి దూరంగా వుండమంటుంది, ఇతరుల గుట్టు కోసం వెతకొద్దంటుంది. ఆ శుక్రవారం కూడా మేం నమాజుకు పోయాం. టార్చిలైటు మా చేతికొస్తే మేమూ మొహం మీదే వేశాం.

అందుకే ఈ పని ముస్లింలు ముస్లింల కోసం అడిగేది కాకూడదు. 2024 మే నెలలో సుప్రీంకోర్టు ఒక కేసులో పోలీసు హిస్టరీ షీట్ల గురించి మాట్లాడింది. వెనుకబడిన కులాలు, దళితులు, ఆదివాసులు, విముక్త జాతుల వాళ్ళ పేర్లు ముందే ఏర్పడిన అభిప్రాయాలతో వాటిల్లోకి ఎక్కుతున్నాయంది. పెద్ద అధికారి ఎప్పటికప్పుడు వాటిని ఆడిట్ చేయాలంది. ఎరుకల గుడిసెకూ మా బస్తీకీ మధ్య తెగిన దారి అక్కడ కలవొచ్చు.

మేం అడిగేది పెద్దదేమీ కాదు. పోలీసు ఎవర్నయినా రోడ్డు మీద ఆపితే ఒక రసీదు ఇవ్వాలి. బస్సు కండక్టరు ఇస్తాడు, మార్కెట్లో కాంటా వేసేవాడు ఇస్తాడు. స్వేచ్ఛను అరగంట తీసుకున్నవాడు ఎందుకివ్వడు? దాని మీద ఆపిన కారణం వుండాలి. తన దగ్గర వుంచుకునే ప్రతి మీద ఆపబడినవాడు తన కంటికి ఎవరిలా కనిపించాడో రాసుకోవాలి, పేరు మాత్రం రాయకూడదు. పేరుతో సహా మతాల జాబితా పోలీసుల చేతిలో పెట్టడం ప్రమాదమని మాకూ తెలుసు. ఆ లెక్కల్ని చూడడానికి ఒక మండలి వుండాలి. అందులో మౌలానాలూ పార్టీల వాళ్ళే కాకుండా ఎరుకల కుర్రవాడు వుండాలి, చబుత్రా మీద కూర్చునేవాడు వుండాలి, రాత్రి డ్యూటీ చేసే కానిస్టేబులూ వుండాలి. ఏడాదికోసారి ఆ లెక్క శాసనసభ ముందుకు రావాలి. మండలి అడిగిన దానికి పోలీసు శాఖ ఫలానా తేదీలోగా జవాబు రాసి ఇవ్వాలి. అల్మారీకి పోయే నివేదికలు మాకు చాలు.

ఖాలా మనవడు ఇప్పుడు ఊరంతా పార్శిళ్ళు పంచుతున్నాడు. మొన్న ఎక్కడో బండి ఆపి పేరడిగారట. సర్టిఫికెట్టు చూపించాడట. తిప్పి తిప్పి చూసి, "ఇది పాతదిరా, కొత్తది తెచ్చుకో" అన్నారట. ఇంటికొచ్చి చెబితే ఖాలా నవ్వింది. నవ్వి, మమ్మల్ని అడిగింది: "వాళ్ళు అడిగినట్టు రాసి ఇచ్చిండ్రా బేటా?"

లేదన్నాం. రాయించే దాకా అడుగుతూనే వుంటామని కూడా ఆమెకు మాటిచ్చాం.